బెంచీ మీద తడి కోటు

ప్రతి ఉదయం ఆయమ్మ ఆసుపత్రి వరండా తుడుస్తూ, బెంచీ మీద కూర్చున్న దేవుళ్ళని కాళ్ళు పైకెత్తమనేది. వాళ్ళు మారు మాట్లాడకుండా ఎత్తేవాళ్ళు. పోస్ట్‌మాన్ గారి దేవుడు మాత్రం బెంచీ ఖాళీగా ఉన్నా కూర్చునేవాడు కాదు. గోడకి ఆనుకుని నిలబడే అలవాటు ఆయనది. ఆయన్ని పక్కకి జరగమని చెప్పీ చెప్పీ విసుగొచ్చి, ఆయమ్మ ఆయన కాళ్ళ చుట్టూనే తుడిచేసి పోయేది.

మనసు బాగాలేని వాళ్ళు చూపించుకునే ఆసుపత్రి అది. వచ్చేవాళ్ళు తోడుకి ఇంట్లో మనిషినొకరిని, దేవుణ్ణొకరిని తెచ్చుకునేవాళ్ళు. ఇంట్లో మనిషి కింద హాల్లో టీ తాగుతూ కూర్చుంటే, దేవుడు పై అంతస్తులో గది బయట బెంచీ మీద కూర్చునేవాడు. బట్టల కొట్టు ఆవిడకి పుట్టింటి దేవుడొకరు, అత్తింటి దేవుడొకరు ఉండేవాళ్ళు. ఆ ఇద్దరికీ మాటల్లేవు, బెంచీకి చెరో చివర కూర్చునేవాళ్ళు. దేవుడే లేనివాళ్ళు కూడా చాలామంది వచ్చేవాళ్ళు. తుడవాల్సిన అడుగులు తగ్గుతాయి కాబట్టి ఆయమ్మకి వాళ్ళంటే కాస్త ఎక్కువ అభిమానం.

ఎవరి దేవుడు ఎవరని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. అది మర్యాద కాదు. పక్కింటి వాళ్ళ జీతమెంతని అడగనట్టే ఇదీ అడగరు. రోడ్డు మీద ఒక మనిషి వెనకాల ఒక దేవుడు నడుస్తుంటే, జనం చూసీ చూడనట్టు దారిచ్చి తమ పని చూసుకుంటారు.

గదిలో కూర్చునే ఆవిడని అందరూ మాటల డాక్టరమ్మ అనేవాళ్ళు. కింద పెద్దాయన మందులు రాస్తాడు, పైన ఈవిడ మాట్లాడిస్తుంది. ముప్పావుగంట సేపు ఎదుటి మనిషి చెప్పేది వింటుంది, నడుమ ఒకటో రెండో ప్రశ్నలు వేస్తుంది. చదువుకున్న రోజుల్లో ఆవిడకి నేర్పినదాంట్లో ఒకటి ఇది: నిద్ర గురించి అడగొచ్చు, తిండి గురించి అడగొచ్చు, మొగుడూ పెళ్ళాల మధ్య సంగతులు కూడా అడగొచ్చు, దేవుడి మాట మాత్రం ఎత్తకూడదు. ఎత్తితే మన నమ్మకాన్ని వాళ్ళ నెత్తిన రుద్దినట్టవుతుంది. అందుకని రోగి లోపలికొస్తాడు, దేవుడు బయటుంటాడు, తలుపు మూసుకుంటుంది. ఆవిడకి సొంతంగా ఒక దేవుడున్నాడో లేడో ఆవిడే ఎప్పుడూ తేల్చుకోలేదు. ఉద్యోగంలో చేరిన రోజున ఆ సంగతి ఒక పక్కన పెట్టింది, అది అక్కడే ఉండిపోయింది.

ఆ తలుపు ఒకటి పెద్ద తలనొప్పి. వానలు పడితే తాళం పట్టేసేది. లోపలి పిడి ఎంత తిప్పినా ఉత్తినే తిరిగేది. అప్పుడు డాక్టరమ్మ లోపలినుంచి తట్టడం, ఆయమ్మ బయటనుంచి తిట్టుకుంటూ వచ్చి ఒక్క తాపు తన్నడం, తలుపు తెరుచుకోవడం. బాగుచేయించమని పైకి రాసి చాలాకాలమైంది. పైవాళ్ళకి వాన ఉండదు కాబోలు.

తాళాలాయన ఆ గదికి గురువారాల్లో వచ్చేవాడు. ఊళ్ళో సగం తలుపులు ఆయన చేతిమీదుగా తెరుచుకున్నవే. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు, బిడ్డని లోపల పెట్టి తలుపు పడిపోయిన తల్లులు, బీరువా తెరవలేని కొట్టువాళ్ళు, అందరూ ఆయన కోసమే పరిగెత్తేవాళ్ళు. అలాంటి మనిషి భార్య పోయిన దగ్గరనుంచి తాళం ముట్టుకోలేదు. ముట్టుకుంటే చేతులు వణికేవి. తిండి మానేశాడు. ఇంట్లో ఉన్న తలుపులన్నీ, వీధి తలుపు తప్ప, బందుల నుంచి ఊడదీసి పెరట్లో గోడకి పేర్చాడు. కూతురు బస్సు కండక్టరు. తెల్లారకుండా డ్యూటీకి పోవాలి. పాపం, గది గుమ్మానికి దుప్పటి కట్టుకుని దాని చాటున బట్టలు మార్చుకునేది.

సంగతి ఆ అమ్మాయే మొదటిరోజు చెప్పింది. ఇంట్లో స్నానాలగది గడియ చాలాకాలంగా పట్టేస్తోంది. చూడమని అమ్మ అడుగుతూనే ఉంది. రేపు చూస్తాను, రేపు చూస్తాను అని నాన్న అంటూనే ఉన్నాడు. ఊరందరి తాళాలు చూసొచ్చిన మనిషికి ఇంటికొచ్చాక ఇంకో తాళం చూడాలంటే ఒళ్ళు బరువే కదా. ఒకరోజు ఆయన ఎవరి ఇంటి తలుపో తెరవడానికి వెళ్ళినప్పుడు, స్నానాల గదిలో ఆవిడకి గుండెనొప్పి వచ్చింది. గడియ రాలేదు. ఆయన తిరిగొచ్చేసరికి గుమ్మం కిందనుంచి నీళ్ళు పారి ముందుగది దాకా వచ్చాయి. తలుపు తెరవడానికి ఆయనకి నిమిషం కూడా పట్టలేదు. అప్పటికే అయిపోయింది.

"తలుపు తట్టే ఉంటుందమ్మా," అని ఆయన డాక్టరమ్మతో అన్నాడు. "పిలిచే ఉంటుంది. ఒక్కతే ఉంది లోపల. పోయినందుకు కాదు, అందరం పోతాం. ఒక్కతే పోయింది. అది నేను మింగలేకపోతున్నాను."

నిజంగానే ఆయన ఏదీ మింగలేకపోయేవాడు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కూర్చునేవాడని కూతురు చెప్పేది.

మొదటిరోజే ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. మీకు తోడు ఎవరెవరున్నారని అడిగితే, కూతురుందని చెప్పి, "దేవుడు ఉండేవాడు," అన్నాడు. డాక్టరమ్మ ఆ మాట విన్నది. విని, సరేనని తలూపి, రాత్రిళ్ళు నిద్ర ఎలా పడుతోందని అడిగింది. తాళాలాయన ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, నిద్ర గురించి చెప్పడం మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్యా ఒక తలుపు పడిపోయిందని ఆవిడకి ఆ రోజు తెలియలేదు.

గది తలుపు తెరిచే ఉంచనా అని ఆవిడ అడిగితే ఆయన వద్దనేవాడు. "వెయ్యండమ్మా. మూసిన గదిలో కూర్చోవడమే నాకు తగింది," అనేవాడు. తలుపు మూసిన శబ్దం విని ప్రతిసారీ మొహం చిట్లించేవాడు. అది భయమో, పాడైన తాళం చప్పుడు విన్న పనివాడి చిరాకో చెప్పడం కష్టం. కుర్చీ కొంచెం తిప్పుకుని తలుపుకేసి చూస్తూ మాట్లాడేవాడు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మాత్రం తల ఎత్తేవాడు కాదు.

గురువారాల్లో బెంచీ మీద ఒక తడి కోటు దేవుడు ఉండేవాడు. సన్నటి మనిషి. పొడుగు కోటు, చేతులు కనపడకుండా వేలాడే పొడుగు చొక్కాచేతులు. బయట ఎండ మండిపోతున్నా ఆయన కోటు నిండా నీళ్ళే. అంచులనుంచి చుక్కచుక్కా కారి బెంచీ కింద మడుగు కట్టేది. ఆయమ్మ మొదట్లో విసుక్కుంది, తరవాత ఒక గోనెపట్టా తెచ్చి కాళ్ళకింద వేసింది. తాళాలాయన తరవాత లెక్కల టీచరు వచ్చేది. ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని బడిలోంచి పదిసార్లు వెనక్కి పరిగెత్తే మనిషి ఆవిడ. తడి కోటు దేవుడు ఆవిడ తాలూకే అయ్యుంటాడనీ, ఆవిడ వెంట తిరిగి తిరిగి పాపం చెమటలు పట్టి ఉంటాయనీ డాక్టరమ్మ తనలో తాను నవ్వుకుని ఊరుకుంది. అడగడం మర్యాద కాదు కదా.

వానాకాలం వచ్చేసరికి తాళాలాయన బాగా చిక్కిపోయాడు. పెద్దాయన పరీక్ష చేసి, మందులు పనిచేయాలన్నా కడుపులో ఏదో ఒకటి ఉండాలనీ, వచ్చే గురువారానికి కూడా ఇలాగే ఉంటే లోపలి వార్డులో చేర్చక తప్పదనీ చెప్పాడు. లోపలి వార్డు అంటే రాత్రీ పగలూ తలుపులు వేసి ఉండే వార్డు. అక్కడ పడుకుని బాగుపడి వెళ్ళినవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. కానీ కూతురు ఆ మాట విని డాక్టరమ్మ దగ్గరకొచ్చి, టికెట్ల సంచీ ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది.

"ఇంట్లో గుమ్మానికి నేను దుప్పటి అడ్డం కట్టినా నాన్న నిద్రపోడండీ. తాళం వేసిన గదిలో పెడితే మళ్ళీ బయటికి రాడు," అంది.

ఆ గురువారం లెక్కల టీచరు రాలేదు. బడిలో పరీక్షలు. అయినా తడి కోటు దేవుడు బెంచీ మీదే ఉన్నాడు. ముప్పావుగంట అయ్యాక తాళాలాయన తల వంచుకుని గదిలోంచి బయటికొచ్చి మెట్లు దిగాడు. డాక్టరమ్మ కిటికీలోంచి చూసింది. తండ్రీకూతుళ్ళు గేటు దాటుతున్నారు. వాళ్ళకి కొంచెం వెనకగా, పిలవని చుట్టంలా బెరుకుబెరుగ్గా, తడి కోటు దేవుడు నడుస్తున్నాడు. తాళాలాయన ఆగితే ఆయనా ఆగుతున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగని మనిషి వెనకాల రోడ్డు మీద తడి అడుగులు పడుతున్నాయి.

ఆవిడకి సిగ్గేసింది. ఉండేవాడని ఆ మనిషి తనంతట తాను చెప్పాడు. ఎలా ఉండేవాడు, ఏమయ్యాడు అని ఒక్క మాట అడగలేదు తను. గడప దగ్గరకొచ్చి తలుపు తట్టినవాడి పిలుపు వినపడనట్టు ఊరుకుంది.

పెద్దాయన దగ్గరకెళ్ళి, వచ్చే గురువారం తాళాలాయన ఒప్పుకుంటే ఆయన దేవుణ్ణి గదిలోకి పిలుస్తానని చెప్పింది. పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇవాళ కుర్చీ వేస్తే రేపు సలహా చెబుతాడన్నాడు. సలహా చెబితే ఎల్లుండి మందులు మానేస్తారన్నాడు. వెనకటికి ఒక విద్యార్థి దేవుడు చెప్పాడని మందులు మానేసి, మేడ అంచున నిలబడితే నలుగురు కలిసి పట్టుకుని తీసుకొచ్చిన సంగతి గుర్తు చేశాడు.

"ఆ రోజు ఆ అబ్బాయి దేవుడు మన బెంచీ మీదే ఉన్నాడు సార్," అంది డాక్టరమ్మ. "మందులు మానమన్న గొంతు వేరే. తొందరపెట్టింది, భయపెట్టింది. అది జబ్బు గొంతు. బయట కూర్చున్నాయన మాట ఏమిటో మనం అడగనే లేదు."

పెద్దాయన చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. మందులు మాత్రం ఆపొద్దు, మనిషి అడగనిదే నువ్వు ఆయనకేం నేర్పొద్దు అని రెండు షరతులు పెట్టి, కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. అది ఒప్పుకున్నట్టే.

మళ్ళీ గురువారం తెల్లారినప్పటినుంచీ వాన. వరండా పైకప్పు మీద, చెట్ల ఆకుల మీద, ఆగి ఉన్న కార్ల మీద అదే పనిగా పడుతోంది. ఊరంతా ఎవరో నెమ్మదిగా జోకొడుతున్నట్టుంది. గదిలో పట్టపగలే దీపం వేసుకోవాల్సొచ్చింది. తాళాలాయన వచ్చి కూర్చున్నాడు. కింద కూతురు చేతిలో ఆయన బట్టల సంచీ ఉంది, చేర్చాల్సొస్తే ఉంటుందని తెచ్చింది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

డాక్టరమ్మ ఈసారి నిద్ర గురించి అడగలేదు.

"మొదటిరోజు మీరొక మాట అన్నారు. దేవుడు ఉండేవాడని. నేను అప్పుడు వినకుండా దాటేశాను. తప్పు నాదే. మీకు చెప్పాలనుంటే ఇప్పుడు వింటాను."

ఆయన ఎప్పుడో మూసేసిన కొట్టు తెరిచినట్టు, మెల్లగా చెప్పసాగాడు. పని నేర్పిన గురువు తాళంతో పాటు ఒక అలవాటు కూడా నేర్పాడు. ఏ తలుపు తెరిచేముందైనా దానికి నుదురు ఆనించి, లోపలున్నవాళ్ళు చల్లగా ఉండాలి అని ఒక్క మాట అనుకోవాలి. దొంగతనానికి తెరవాలనుకుంటే ఆ మాట నోటికి రాదట. అలా అనుకున్న ప్రతిసారీ దేవుడు ఆయన పక్కనే వంగి తాళం వినేవాడు. సన్నగా ఉండేవాడు. చొక్కాచేతులు పొడుగ్గా వేలాడేవి, వాటిని పైకి మడుచుకోమని ఆయన ఎన్నోసార్లు వేళాకోళం చేసేవాడు.

"ఆ రోజు కూడా పక్కనే ఉన్నాడనుకున్నాను," అన్నాడు. "ఎవరింటి తాళమో వింటున్నాడనుకున్నాను. ఇంటికి పో అని ఒక్క మాట చెప్పలేదు నాకు. అంతకాలం తోడు తిరిగి, ఒక్క మాట చెప్పలేదు. ఆ రాత్రే పొమ్మన్నాను. వీధి తలుపు మూసేశాను. ఇంక తిరిగి చూడలేదు."

"కనిపిస్తే ఏమంటారు?"

"తిడతాను."

"తిట్టండి. మీరు సరేనంటేనే పిలుస్తాను. వద్దంటే వద్దు."

ఆయన చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఎక్కడున్నాడని పిలుస్తారు అని అడిగాడు. బయట బెంచీ మీద ఉన్నాడని ఆవిడ చెప్పింది. ప్రతి గురువారం వస్తున్నాడనీ, మీ వెనకే వెళుతున్నాడనీ చెప్పింది. తాళాలాయన నమ్మనట్టు చూశాడు. చివరికి తల ఊపాడు.

డాక్టరమ్మ లేచి పిడి తిప్పింది. పిడి ఉత్తినే తిరిగింది. మళ్ళీ తిప్పింది. తలుపు తట్టి ఆయమ్మని పిలిచింది. ఆయమ్మ కిందికి టీ తాగడానికి వెళ్ళింది, వాన చప్పుడులో ఆవిడకేం వినపడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే తాళాలాయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆయన తలుపుని చూడటం లేదు. తలుపు కిందికి చూస్తున్నాడు.

గుమ్మం కింద సందులోంచి నీళ్ళు వస్తున్నాయి. సన్నటి ధార గచ్చు మీద మెల్లగా పాకి, బల్ల కాలు చుట్టూ తిరిగి, ఆయన చెప్పు అంచుని తాకింది.

ఆయన లేచాడు. "జడపిన్ను ఉందా అమ్మా?" అన్నాడు.

ఆవిడ జుట్టులోంచి తీసి ఇచ్చింది. ఆయన నీళ్ళలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతులు వణుకుతూనే ఉన్నాయి. పిడిని లాగితే ఊడి చేతికొచ్చింది, లోపల చువ్వ కనిపించింది. పిన్నుని మధ్యకి వంచాడు. అప్పుడు ఎంతోకాలం తరవాత తలుపుకి నుదురు ఆనించాడు.

"లోపలున్నవాళ్ళు చల్లగా ఉండాలి," అన్నాడు.

అన్నాక ఆగిపోయాడు. ఈసారి లోపలున్నది తనేనని అప్పుడు తట్టింది. ఆయన వీపు వణకడం డాక్టరమ్మకి కనిపించింది. ఏదో ఒక మంచిమాట చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పకుండా ఊరుకుంది. కాసేపటికి ఆయన వేళ్ళు కుదురుకున్నాయి. పిన్నుతో చువ్వని పట్టి తిప్పాడు. టక్కుమని చిన్న చప్పుడైంది, తలుపు తెరుచుకుంది.

తడి కోటు దేవుడు సరిగ్గా గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. కోటునుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. లోపలికి అడుగు పెట్టలేదు. రమ్మనే దాకా రాని మనిషిలా ఉన్నాడు.

"ఎక్కడికి పోయావు నువ్వు?" అన్నాడు తాళాలాయన, మోకాళ్ళ మీదనుంచి లేవకుండానే. "నేను వేరేవాళ్ళ తలుపు తెరుస్తుంటే, నా పెళ్ళాం ఇంట్లో తలుపు కొట్టుకుంటుంటే, ఎక్కడున్నావు నువ్వు?"

దేవుడు వేలాడే చొక్కాచేతిని ముందుకి చాపాడు.

తిట్టడానికి నోరు తెరిచిన తాళాలాయన ఆ చేతిని విసురుగా పట్టుకున్నాడు. పిడికిట్లో గుడ్డ పిండినట్టయి నీళ్ళు కారాయి. ఆ నీళ్ళకి సబ్బు వాసన వేసింది. నిమ్మ సబ్బు. త్వరగా అరిగిపోతుందని ఆయన భార్య ఎప్పుడూ రెండు ముక్కలు కోసి వాడే సబ్బు. డాక్టరమ్మకి కూడా ఆ వాసన తెలిసింది, గదంతా నిండింది.

ఆయన ఆ చొక్కాచేతిని మొహం దగ్గరకి తెచ్చుకున్నాడు. మళ్ళీ వాసన చూశాడు.

"నువ్వు లోపలున్నావా?" అని అడిగాడు. "నా దగ్గర కాదు. తన దగ్గర. లోపల."

దేవుడు తల ఊపాడు.

"చివరిదాకా?"

మళ్ళీ ఊపాడు.

తాళాలాయన తడిసిన చొక్కాచేతిలో మొహం దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఒక్కతే లేదన్నమాట, ఒక్కతే లేదన్నమాట అని ఆ గుడ్డలోంచి వినపడింది. దేవుడు వంగి, ఆయన పక్కన గచ్చు మీద, నీళ్ళలోనే కూర్చున్నాడు. డాక్టరమ్మ కూడా కుర్చీ వదిలి కింద కూర్చుంది. ముప్పావుగంట ఎప్పుడో దాటిపోయింది, ఎవరూ గడియారం చూడలేదు. ఆయమ్మ తుడుపుకర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, చప్పుడు చేయకుండా వెనక్కి వెళ్ళింది.

ఆ సాయంత్రం కూతురు బట్టల సంచీ తిరిగి ఇంటికి మోసుకెళ్ళింది. దారిలో నాన్న ఆకలేస్తోందన్నాడు.

మందులు మానలేదు, గురువారాలూ మానలేదు. దుఃఖం కూడా ఒక్కసారిగా ఎక్కడికీ పోలేదు. గడియ బాగుచేయలేదన్న మాట ఆయన్ని ఇప్పటికీ పొడుస్తూనే ఉంది. దాన్ని గురించి ఇంకా చాలా మాట్లాడుకోవాల్సి ఉంది. కానీ ఇప్పుడు గదిలో మూడో కుర్చీ ఒకటి వేసి ఉంటోంది, తిట్టాలనిపించినప్పుడు ఆయన అటు తిరిగి తిడుతున్నాడు. పెరట్లో పేర్చిన తలుపులు ఒక్కొక్కటే గుమ్మాలకి ఎక్కాయి. స్నానాలగది తలుపు చివర్న ఎక్కింది, కొత్త గడియతో, బయటనుంచి కూడా తెరిచే వీలుతో. కోటు కూడా అంచులనుంచి మొదలుపెట్టి మెల్లగా ఆరుతోంది.

ఒక గురువారం ఆయన పనిముట్ల సంచీ తగిలించుకుని ముందుగానే వచ్చాడు. పై ఆఫీసు మనిషి ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి ఈ తాళం సంగతి తనే చూస్తానన్నాడు. డాక్టరమ్మని లోపలే కూర్చోమని, తలుపు మూసి, బయటనుంచి పని మొదలుపెట్టాడు. తలుపు తన్నే పని పోయిందని ఆయమ్మ మూతి ముడుచుకుంటోంది. వాన వెలిసి కిటికీలోంచి పలచటి ఎండ పడుతోంది. లోపల ఒక్కతే కూర్చున్న డాక్టరమ్మకి తలుపుకి నుదురు ఆనిన మెత్తటి చప్పుడు వినిపించింది, తరవాత ఆయన గొంతు.

"లోపలున్నవాళ్ళు చల్లగా ఉండాలి."

ఆవిడ గబుక్కున కుర్చీలో సర్దుకుని కూర్చుంది. తనకోసం ఒకరు ఆ మాట అనడం ఎప్పటి సంగతో గుర్తు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. గదిలో ఖాళీగా ఉన్న మూడో కుర్చీలో ఇంకెవరో కూర్చున్నట్టు చిన్నగా కిర్రుమని చప్పుడైంది. ఆవిడ వెంటనే తల తిప్పలేదు. ఉద్యోగంలో చేరిన రోజున పక్కన పెట్టిన ఆ సంగతిని ఇప్పుడు నెమ్మదిగా చూసుకోవచ్చు, తొందరేం లేదనుకుంది.